వండితే పప్పులో ప్రొటీన్ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 67 ఏళ్ళు. మూడు నెలల క్రితం పొద్దున వాకింగ్‌లో పరిచయమైన వాళ్ళెవరో ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్, ఉడికించిన పప్పులో 7. పచ్చి శనగల్లో 19, ఉడికిస్తే 8 అని అందులో ఉంది. ‘చూశావా, పొయ్యి మీద పెడితే మూడింట రెండొంతులు చచ్చిపోతోంది’ అంటూ నాన్న అప్పటి నుంచి వండింది తినడం దాదాపు మానేశారు. పొద్దున పాలల్లో రెండు పచ్చిగుడ్లు కొట్టుకుని తాగుతారు, మధ్యాహ్నం పచ్చి మొలకలు, రాత్రి నానబెట్టిన పల్లీలు, ఏవో పండ్లు. 64 కిలోలుండే మనిషి 59కి వచ్చారు. ఎప్పుడూ కడుపు ఉబ్బరం. పోయిన నెల పెసలు, బొబ్బర్లు, రాజ్మా కలిపి మొలకలు కట్టుకుని తిన్నారు, మూడు గంటల్లో ఒకటే వాంతులు. ‘లోపలి విషం బయటికి పోతోంది, మంచిదే’ అన్నారట ఆ వాకింగ్ వాళ్ళు. అమ్మ రోజూ వండుతుంది, ఆ గిన్నె అలాగే ఫ్రిజ్‌లో పెట్టి కళ్ళు తుడుచుకుంటుంది. నేనేమైనా అంటే ఆ కాగితం చూపిస్తారు. అంకెలు తప్పని నిరూపించడం నావల్ల కావట్లేదు. ఏం చెప్పమంటారు?
— ఒక మాస్టారి కూతురు

సమాధానం: అమ్మా, కాగితం సంగతి తర్వాత, ముందు నాన్నగారి బరువు సంగతి. మూడు నెలల్లో 64 నుంచి 59 అంటే ఒంటి బరువులో దాదాపు ఎనిమిది శాతం పోయినట్టు. ఆ వయసులో అంత తగ్గితే ‘తిండి మార్చారు కదా, అందుకేలే’ అని ఊరుకోకూడదు. తిండే కారణం కావచ్చు, నాకూ అలాగే అనిపిస్తోంది, కానీ షుగర్, థైరాయిడ్, కడుపులో పుండు, అంతకన్నా పెద్ద జబ్బులు కూడా ఇలా బరువు తగ్గడంతోనే బయటపడతాయి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన ఏమేం పచ్చిగా తింటున్నారో అక్కడ దాచకుండా చెప్పండి. పచ్చిగుడ్డు ఇవాళ్టితో ఆపించండి. పచ్చి రాజ్మా ఇంకెప్పుడూ ఆయన కంచంలోకి రాకూడదు. వాదనలో గెలిచాక ఈ పనులు చేద్దామనుకోవద్దు, వాదన నిదానంగా జరుగుతుంది, ఇవి ఆగవు.

ఇప్పుడు కాగితం. అంకెలు తప్పని మీరు నిరూపించలేరు, ఎందుకంటే అవి తప్పు కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో కూడా పచ్చి కందిపప్పుకి దాదాపు 22 గ్రాములే ఉంటుంది. ఉడికిన పప్పులో ఆరేడు గ్రాములన్నదీ నిజమే. మరి ఆ తేడా 15 గ్రాములూ ఎటు పోయాయి? ఎటూ పోలేదు. మొదటి వంద గ్రాములూ పప్పే, రెండో వంద గ్రాముల్లో పప్పు ముప్ఫై గ్రాములుంటే మిగతాదంతా నీళ్ళు. ఇంతే సంగతి, కానీ ఆ కాగితం ఈ ఒక్క మాటా చెప్పదు కాబట్టి లెక్కల మాస్టారంతటి మనిషి కూడా పడిపోయారు. ఆయన తెలివితక్కువతనం కాదిది, దయచేసి అలా అనొద్దు.

మీకు జవాబు రాసే ముందు నేను మా వంటింట్లో కాటా మీద పెట్టి చూశాను. గిన్నె బరువు తీసేసి సరిగ్గా 100 గ్రాముల కందిపప్పు, అందులో 250 గ్రాముల నీళ్ళు, చిటికెడు పసుపు. కుక్కర్లో పెట్టి నాలుగు విజిళ్ళు రానిచ్చాను. చల్లారాక మూత తీసి, గిన్నె అడుగు తుడిచి, మళ్ళీ కాటా మీద పెడితే పప్పూ నీళ్ళూ కలిపి 330 గ్రాములు. అంటే ఆవిరై పోయింది 20 గ్రాముల నీళ్ళు. ప్రొటీన్ ఆవిరి కాదు, విజిల్లోంచి బయటికి రాదు. ఆ 22 గ్రాములూ ఈ 330 గ్రాముల ముద్దలోనే ఉన్నాయి. 22ని 330తో భాగించి వందతో హెచ్చవేయండి, 6.7 వస్తుంది. కాగితం మీది ‘7’ అదే! గడ్డపెరుగు గిన్నెడు తీసి బిందెడు నీళ్ళలో చిలికితే, ఆ మజ్జిగలో ఒక గ్లాసు ముంచి ‘ఇందులో పెరుగు లేదు, కవ్వంతో చిలికేసరికి చచ్చిపోయింది’ అంటామా? బిందె మొత్తం తాగితే గిన్నెడు పెరుగూ కడుపులోకి పోయినట్టే.

మాస్టారు కదా, ఆయనకి ఇంకో రెండు వరసలు ఆ కాగితం కిందే పెన్నుతో రాసి ఇవ్వండి. పచ్చి బియ్యంలో వందకి దాదాపు 8 గ్రాములు, అన్నంలో 2.7. ఇదీ పప్పు బాటే, నీళ్ళు పీల్చుకుంది. ఎముకలు లేని కోడి రొమ్ముమాంసం పచ్చిది వందకి 22 లేదా 23 గ్రాములు, వండితే 31. ఇక్కడ పెరిగింది! పొయ్యి పప్పులో ప్రొటీన్‌ని చంపేసి కోడిలో పుట్టించిందా? మాంసం ఉడికేటప్పుడు నీళ్ళు వదిలేసి ముడుచుకుంటుంది, పప్పు నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఒకే నిప్పు, ఒకచోట అంకె తగ్గింది, ఒకచోట పెరిగింది, రెండుచోట్లా మారింది నీళ్ళే. ఈ రెండు వరసలూ ఆయన ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చోండి, లెక్క తెలిసిన మనిషికి అది చాలు.

మొలకల దగ్గరికి వస్తే ఆ కాగితం లెక్క ఆయనకే అడ్డం తిరుగుతుంది. మొలకెత్తిస్తే ప్రొటీన్ రెండింతలవుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఎండు పెసల్లో వందకి 24 గ్రాముల దాకా ఉంటే, పొడుగ్గా మొలిచిన పెసర మొలకల్లో వందకి 3 గ్రాములే, ఎందుకంటే ఆ మొలకలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళు. వందకి వంద పోల్చే పద్ధతే సరైనదైతే మొలకెత్తించడం వంటకన్నా పెద్ద నష్టం కావాలి. అదీ కాదు. గింజలో ఉన్న ప్రొటీన్ మొలకలోకి అలాగే వస్తుంది, మొలకెత్తే ఓపిక కోసం గింజ తనలోని పిండి పదార్థాన్ని కొంత ఖర్చు చేసుకుంటుంది కాబట్టి నీళ్ళు తీసేసి చూస్తే ప్రొటీన్ వాటా కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది, అంతే. మొలకల్లో నిజంగా కొత్తగా వచ్చేది విటమిన్ సి. ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటేట్ కూడా కొంత తగ్గుతుంది. ఇవి మంచి కారణాలు, మొలకలు తినమనే నేనూ చెబుతాను. ప్రొటీన్ కోసమని మాత్రం చెప్పను.

ఈ నీళ్ళ మాయ చాలాచోట్ల ఉంది. మునగాకు పొడిలో పాలకన్నా ఎన్నో రెట్లు ప్రొటీన్ అని అమ్ముతున్నారు. పచ్చి మునగాకులో వందకి ఆరున్నర గ్రాములుంటుంది, ఎండబెట్టి పొడి కొడితే పాతిక దాటుతుంది, దాన్ని తీసుకొచ్చి 87 శాతం నీళ్ళుండే పాలతో పోలుస్తారు. ఎండిన దాన్ని తడి దానితో పోలిస్తే ఎప్పుడూ ఎండినదే గెలుస్తుంది. పైగా వంద గ్రాముల మునగాకు పొడి ఎవరూ తినరు, తినేది ఒక చెంచా, అందులో ఒక గ్రాము చిల్లర. గ్లాసు పాలల్లో ఆరు గ్రాములు తేలిగ్గా వస్తుంది. మీల్ మేకర్ ప్యాకెట్ మీద వందకి 52 గ్రాములని ఉంటుంది, అదీ ఎండు లెక్కే, నానబెట్టి పిండితే దాదాపు మూడింతల బరువు తూగుతుంది. మునగాకూ మంచిదే, మీల్ మేకరూ మంచిదే, నా కోపం వాటి మీద కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ భయాన్ని అడ్డం పెట్టుకుని చూపించే ఈ పోలిక మీదే నా కోపం.

సరే, అంకెలు అటుంచి, వేడి తగిలితే ప్రొటీన్‌కి అసలేమీ కాదా అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. అవుతుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన పొడవాటి దండ, అది ఉండలా చుట్టుకుని ఉంటుంది. వేడి తగిలితే ఆ చుట్టలు విప్పుకుంటాయి, పూసలు ఎక్కడివక్కడే ఉంటాయి. నీళ్ళలా ఉన్న తెల్లసొన పెనం మీద తెల్లగా గట్టిపడేది అందుకే. పొయ్యి అక్కర్లేదు, పచ్చి తెల్లసొనలో నిమ్మకాయ పిండి కాసేపు వదిలేయండి, మంట లేకుండానే తెల్లబడటం మొదలవుతుంది. మన కడుపులో ఊరే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటు. అంటే పచ్చిగా మింగినా కడుపు చేసేది అదే పని, చుట్టలు విప్పడం, తర్వాత దండ తెంపి పూసలు విడదీయడం. వంట ఆ పనిలో సగం ముందే చేసి పెడుతుంది.

గుడ్డు విషయంలో ఇది కొలిచి చూశారు. బెల్జియంలోని లూవెన్‌లో 1998లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నపేగు చివర నుంచి బయటికి దారి పెట్టిన ఐదుగురికి వండిన గుడ్డు, పచ్చిగుడ్డు వేరువేరుగా ఇచ్చి ఎంత ప్రొటీన్ అరిగిందో లెక్కగట్టారు. వండినదాంట్లో 91 శాతం దాకా అరిగింది, పచ్చిదాంట్లో 51 శాతమే. ఐదుగురే కాబట్టి చిన్న ప్రయోగమే, అంకె అటూ ఇటూ కావచ్చు, కానీ ఏ వైపు మొగ్గిందో స్పష్టంగా ఉంది. నాన్నగారు రెండు పచ్చిగుడ్లలో 12 గ్రాములు తాగుతున్నాననుకుంటున్నారు, ఒంటికి పట్టేది ఆరేడు కావచ్చు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ అనే విటమిన్‌ని పట్టేసుకుని ఒంటబట్టనివ్వదు, ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. వీటన్నిటికన్నా నాకు భయం పచ్చిగుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే క్రిమి గురించి. కుర్రవాళ్ళకి రెండు రోజుల విరేచనాలతో పోయేది 67 ఏళ్ళ మనిషిని, అదీ బరువు తగ్గి నీరసపడ్డ మనిషిని, ఆసుపత్రి మంచం ఎక్కించగలదు.

‘వండితే ఆహారంలో జీవం పోతుంది’ అని కూడా ఆ వాకింగ్ వాళ్ళు చెప్పే ఉంటారు. పచ్చి గింజలో జీవం ఉందన్న మాట నిజం. కానీ ఆ జీవం మన కోసం దాచిపెట్టింది కాదు, మొక్కగా మొలవడానికి గింజ తన కోసం దాచుకున్నది, తినేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి కొన్ని ఆయుధాలు కూడా పెట్టుకుంటుంది. పప్పుధాన్యాల్లో ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థాలుంటాయి. ట్రిప్సిన్ అంటే మన క్లోమం తయారుచేసే, ప్రొటీన్‌ని కత్తిరించే ఎంజైమ్. పచ్చి సోయాలో ఈ అడ్డుపుల్ల మరీ ఎక్కువ. 1917లోనే అమెరికాలో ఆస్‌బర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకి పచ్చి సోయా పెడితే అవి సరిగా ఎదగలేదు, అదే సోయా ఉడికించి పెడితే ఎదిగాయి. పచ్చిదాంట్లో ప్రొటీన్ లేక కాదు, ఉన్నది అందక. మీ నాన్నగారి ఉబ్బరానికి కారణం కూడా కొంతవరకు ఇక్కడే ఉండొచ్చు, అరగకుండా పెద్దపేగులోకి జారింది అక్కడి సూక్ష్మజీవులకి విందు.

పెసరపప్పులో ఈ అడ్డంకి తక్కువ. శ్రీరామనవమికి వడపప్పు నానబెట్టి పచ్చిదే పెట్టుకుంటాం, పానకంతో పాటు గుప్పెడు తింటాం, ఎవరికీ ఏమీ కాదు. మన పెద్దవాళ్ళు దానికి పెసరపప్పునే ఎంచుకున్నారు, గుప్పెడే పెట్టారు, అది రోజూ పూట భోజనం కాదు. రాజ్మా కథ పూర్తిగా వేరు. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, పచ్చివి నాలుగైదు గింజలు చాలు మనిషిని వాంతులతో పడేయడానికి, తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో మొదలవుతుంది. మీరు రాసిన మూడు గంటలు చదవగానే నాకు గుండె ఝల్లుమంది. లోపలి విషం బయటికి పోలేదమ్మా, బయటి విషం లోపలికి వెళితే ఒళ్ళు తిప్పికొట్టింది. ఆ మాట చెప్పినవాళ్ళు రేపు ఇంకొకరికి కూడా ఇదే చెబుతారు కాబట్టి, నాన్నగారి ద్వారానే వాళ్ళకి కూడా ఈ సంగతి చేరవేయండి. రాజ్మా కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో అరగంట తెర్లేలా మరిగించాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. నానబెట్టాక మన కుక్కర్లో వేలితో నొక్కితే మెత్తగా నలిగేదాకా ఉడికిస్తే సరిపోతుంది. గోరువెచ్చని వేడి మీద సగం ఉడికించడం మాత్రం పచ్చివి తినడం కన్నా ప్రమాదం.

మొలకల విషయంలో ఇంకో మాట. తడి, వెచ్చదనం, రెండు రోజులు మూసి ఉన్న గుడ్డ, ఇవి గింజకి ఎంత ఇష్టమో క్రిములకీ అంతే ఇష్టం. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ.కొలై అనే క్రిమి ప్రబలి యాభై మందికి పైగా చనిపోయారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆ వయసువాళ్ళకి మొలకలు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద బాగా వేడెక్కేలా ఉడికించి, పోపు వేసి పెట్టమని చెబుతున్నాను. విటమిన్ సి కొంత పోతుంది, పైన నిమ్మకాయ పిండండి. పల్లీలు నానబెట్టినవే ఇష్టమైతే ఉప్పేసి ఉడకబెట్టండి, వేయించినా పర్లేదు. బూజు వాసన వచ్చేవి, ముడుచుకుని రంగు మారినవి ఏరి పారేయండి, వేయించినంత మాత్రాన ఆ బూజు విషం పోదు.

నాన్నగారి వైపు కూడా కొంత న్యాయం ఉంది, అది మీరు ఒప్పుకుంటేనే మీ మాట ఆయన వింటారు. వంటతో నష్టాలున్నాయి. విటమిన్ సి, కొన్ని బి విటమిన్లు వేడికి తగ్గుతాయి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే అందులో దిగినవన్నీ పోతాయి. పప్పు త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తే బి1 దెబ్బతింటుంది. ప్రొటీన్‌లో కూడా లైసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువసేపు వండినా, నల్లగా మాడేలా వేయించినా కొంత పనికిరాకుండా పోతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా పప్పులకి ఉడికించడం, కుక్కర్లో పెట్టడం మంచి పద్ధతులని, అతిగా వండొద్దని ఉంది. ఆయన పడే భయానికి ఇదీ సరైన మందు: నీళ్ళు సరిపడా పోయడం, పారబోయకపోవడం, మెత్తబడగానే దించేయడం. మా అత్తగారు పప్పు మీద తేరిన కట్టు ఒక్క చుక్క వదిలేది కాదు, తీసి చారు పెట్టేది. ఆమెకి లైసినూ తెలియదు బి1 తెలియదు, చేసే పని మాత్రం సరైనది. కాకపోతే పల్చని కట్టుచారు ఒక్కటే పోసుకుని పప్పు తిన్నట్టే అనుకోకూడదు, ప్రొటీన్‌లో ఎక్కువ భాగం కింది పప్పులోనే ఉంటుంది.

ఎంత కావాలో కూడా ఆయన చేతే లెక్క వేయించండి. మన దేశంలో 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 59 కిలోలకి 49 గ్రాములు. ఈ వయసులో కండ కరిగిపోకుండా కిలోకి ఒక గ్రాము దాకా మంచిదని చెప్పే వైద్యులు చాలామంది ఉన్నారు, కిడ్నీలో ఇబ్బంది ఏదీ లేదని తేలితేనే. ఇంట్లో మామూలు తిండితో చూద్దాం, అన్నీ వండకముందు తూకాలు. బియ్యం రోజు మొత్తానికి 200 గ్రాములు, అందులో 16. కందిపప్పు 40 గ్రాములు, అందులో 9. ఉడికించిన గుడ్లు రెండు, 12. పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లు, 13. పల్లీలు 30 గ్రాములు, 7. మొత్తం 57. పొడి డబ్బాలు ఏవీ కొనలేదు, కొత్త వంట ఏదీ చేయలేదు, మీ అమ్మగారు రోజూ వండి ఫ్రిజ్‌లో పెడుతున్న గిన్నెలోనే చాలా వరకు ఉంది. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో బాగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియొనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది. పప్పన్నం వట్టి అలవాటు కాదు, ఒకదాని లోటు ఒకటి పూడ్చే జత.

ఆయనతో మాట్లాడేటప్పుడు అమ్మని పక్కన నిలబెట్టి ‘చూశారా, నేను చెప్పలేదా’ అనిపించొద్దు. ఒక కాటా కొనండి, కూరగాయలు తూచుకునే చిన్నది చాలు. తూకం ఆయన్నే వేయమనండి, కాగితం మీద రాయమనండి, భాగహారం ఆయన్నే చేయమనండి. కుక్కర్ మూత ఆయన చేతులతో తీసి, 22 గ్రాములూ అక్కడే ఉన్నాయని ఆయనే తేల్చుకుంటే ఆ జిరాక్స్ కాగితం దిద్దేది కూడా ఆయనే అవుతారు. వాకింగ్ వాళ్ళకి చెప్పాలంటే మీకన్నా నాకన్నా ఆయన మాటకే విలువ ఎక్కువ. మూడు నెలలు పచ్చివే తిన్న కడుపు కాబట్టి మొదటి వారం పెసరపప్పు, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు లాంటివి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టండి, తర్వాత కందిపప్పు, శనగలు.

రేపు పొద్దున పరగడుపునే బయల్దేరండి, షుగర్ పరీక్షకి అదే సమయం. గుడ్లు రాత్రే ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి, రక్తం ఇచ్చి ఇంటికి రాగానే తింటారు.